వారంటీ దాటిన డీజిల్ కారు: ఏ సింథటిక్ ఆయిల్, ఏ ఫిల్టర్?

బెజవాడ_బండి:
అందరికీ నమస్తే. నాది 2020 మోడల్ బీఎస్6 డీజిల్ కాంపాక్ట్ ఎస్‌యూవీ, టర్బో, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉంది. మోడల్ పేరు కావాలనే రాయట్లేదు, రాస్తే చర్చంతా ఆ కంపెనీ మంచిదా చెడ్డదా అన్నదాని మీదకి పోతుంది. వారంటీ అయిపోయింది, ఇక సర్వీస్ సెంటర్‌కి తిరిగే ఓపిక లేదు. పోయినసారి వాళ్ళు ఆయిల్ పోసి ఇచ్చిన సాయంత్రమే డిప్‌స్టిక్ తీసి చూస్తే మ్యాక్స్ గీత దాటి వేలెడు పైనుంది, ఫోన్ చేస్తే "ఏం కాదు సార్, అదే తగ్గుతుంది" అన్నారు. అందుకని ఈసారి ఆయిలు, ఫిల్టరు నేనే కొని ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ చేత మార్పించుకుందామనుకుంటున్నా.

మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 (ఆయిల్ చిక్కదనం గ్రేడు), ఏసీఈఏ సీ3 (యూరప్ కార్ల కంపెనీల సంఘం పెట్టిన ప్రమాణం) అని ఉంది. షాపుకి వెళ్తే ఒకాయన 15డబ్ల్యూ-40 సీఐ-4 డబ్బా తీసి "మన ఎండలకి ఇదే కరెక్టు, లారీలకే పోస్తున్నాం, మీ కారెంత" అన్నాడు. పక్క షాపాయన 'ఫుల్లీ సింథటిక్' అని బంగారు రంగు అక్షరాలున్న డబ్బా చూపించాడు, వెనక్కి తిప్పితే సీ3 అన్న మాటే లేదు, ఏ3/బీ4 అని ఇంకో ప్రమాణం ఉంది. ఏదీ కొనకుండా వచ్చేశా. ఫిల్టర్ల సంగతి ఇంకా గందరగోళం, కంపెనీది ఒక రేటు, బయట బ్రాండువి దాంట్లో సగం, ఇంకొన్ని మరీ ఒక పూట టిఫిన్ ఖర్చుకే ఇస్తున్నారు. రోజూ ఆఫీసుకి ఏడెనిమిది కిలోమీటర్లు, ఎప్పుడైనా హైదరాబాద్. ఏం కొనమంటారు?

గుంటూరు_గేర్:
ఆ మొదటి షాపాయన చెప్పిందాంట్లో తప్పేముంది బ్రో? మా ఇంట్లో క్వాలిస్ ఉంది, మొదట్నుంచీ 15డబ్ల్యూ-40 మినరల్ ఆయిలే, ఇప్పటికీ తాళం తిప్పితే ఒక్క దెబ్బకి అందుకుంటుంది. మే నెలలో రెంటచింతల వైపు వెళ్ళి చూడండి ఎండ ఎలా ఉంటుందో. నీళ్ళలాంటి 5డబ్ల్యూ-30 పోసి ఆ ఎండలో తోలితే లోపల ఆయిల్ నిలబడుతుందా అసలు? సింథటిక్ అని పేరు పెట్టి రెండింతలు లాగుతున్నారు, అంతకుమించి ఏం లేదు.

ల్యాబ్‌కోటు:
లూబ్రికెంట్ల టెస్టింగ్‌లో పనిచేస్తాను, ఏ బ్రాండు తరఫునా మాట్లాడటం లేదు.

గేర్ గారూ, మీ క్వాలిస్‌కి ఆ ఆయిల్ సరిపోతుంది, అందులో పేచీ లేదు. కానీ బయట ఎండకీ, ఇంజన్ లోపలి ఆయిల్ వేడికీ మీరు అనుకున్నంత సంబంధం లేదు. బయట రెంటచింతల ఎండైనా లంబసింగి మంచైనా, ఇంజన్ వేడెక్కాక థర్మోస్టాట్ కూలెంట్‌ని 90 డిగ్రీల చుట్టుపక్కలే ఆపుతుంది, ఆయిల్ మామూలుగా 100కి అటూ ఇటూ ఆడుతుంది. గ్రేడులో రెండో అంకె కొలిచేది ఆ 100 డిగ్రీల దగ్గరే. 30 గ్రేడంటే అక్కడ 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) లోపు, 40 గ్రేడంటే 12.5 నుంచి 16.3 లోపు. మీరు 'నీళ్ళు' అంటున్నది ఈ కాస్త తేడానే.

ఇంకో సంగతి, షాపుల్లో ఇది ఎవరూ చెప్పరు. 150 డిగ్రీల వేడిలో, బేరింగుల మధ్య నలిగేటప్పుడు ఆయిల్ ఎంత చిక్కగా నిలబడుతుందో చూసే పరీక్ష ఒకటుంది, హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. సీ3 అని ముద్ర పడాలంటే అందులో కనీసం 3.5 (ఇక్కడ కొలత వేరు, మిల్లీపాస్కల్ సెకన్లు) రావాలి. 5డబ్ల్యూ-40కి పెట్టిన కనీసం కూడా అదే 3.5. అంటే సీ3 ఉన్న 5డబ్ల్యూ-30ని పల్చటి ఆయిల్ అని కొట్టిపారేయడానికి లేదు.

ముందున్న డబ్ల్యూ అంకె చలికి సంబంధించింది. మైనస్ 20 దగ్గర 15డబ్ల్యూకి, మైనస్ 30 దగ్గర 5డబ్ల్యూకి ఇంజన్ తిరుగుతుందా అని చూస్తారు. మనకి మైనస్‌లు ఎక్కడివి అంటారు, నిజమే, స్టార్ట్ కాదన్న భయం మనకి లేదు. కాకపోతే పొద్దున్నే 25 డిగ్రీలున్నప్పుడు కూడా 15డబ్ల్యూ-40 కంటే 5డబ్ల్యూ-30 పల్చగా ఉండి టర్బో దాకా, పైన వాల్వుల్ని కదిపే క్యామ్ దాకా ముందు చేరుతుంది.

బండి గారూ, మీ కారులో వీటన్నిటికంటే ముందు చూడాల్సింది బూడిద. ఆయిల్‌లో కలిపే కొన్ని రసాయనాల్లో కాల్షియం, మెగ్నీషియం, జింకు లాంటి లోహాలుంటాయి, సిలిండర్లోకి జారిన ఆయిల్ కాలినప్పుడు అవి బూడిదై డీపీఎఫ్‌లో కూర్చుంటాయి. డీపీఎఫ్ తనలో పట్టిన మసిని 600 డిగ్రీల దాకా వేడెక్కి కాల్చేసుకుంటుంది, కానీ బూడిద కాలదు, అక్కడే పేరుకుంటుంది. సీ3లో సల్ఫేటెడ్ యాష్ (కాల్చాక మిగిలే బూడిద) 0.8 శాతం మించకూడదు. ఏ3/బీ4లో దాదాపు రెట్టింపు దాకా ఉండొచ్చు. సీఐ-4 అయితే 2002 నాటి ప్రమాణం, డీపీఎఫ్ ఉన్న లారీల కోసం ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) వాళ్ళు సీజే-4 తెచ్చిందే 2006లో. ఆ మొదటి షాపాయన మీకు చూపించింది మీ బండి పుట్టకముందు లెక్క.

గుంటూరు_గేర్:
మేడమ్ బాగానే చెప్పారు గానీ, మొత్తానికి నా క్వాలిస్‌కి నేను పోసేది కరెక్టే అని తేలింది కదా, అది చాలు 😄

సింహాచలం_స్పీడ్:
ల్యాబ్ మేడమ్, ఒక డౌటు. ఫుల్లీ సింథటిక్, సింథటిక్ టెక్నాలజీ, సెమీ సింథటిక్, ఇన్ని రకాలు రాస్తున్నారు. మా మెకానిక్ ఏమో "ఇవన్నీ పెట్రోలియం నుంచి తీసినవే, అసలు సింథటిక్ వేరే ఉంది" అంటాడు. ఎవరి మాట నమ్మాలి?

ల్యాబ్‌కోటు:
మీ మెకానిక్ మాటలో సగం నిజం ఉంది. బేస్ ఆయిల్స్‌ని (మందులు కలపకముందు ఉండే మూల నూనెల్ని) ఏపీఐ అయిదు గ్రూపులు చేసింది. ఒకటి, రెండు మామూలు మినరల్. మూడు కూడా ముడిచమురు నుంచి వచ్చేదే, కానీ హైడ్రోజన్‌తో గట్టిగా శుద్ధి చేసి, మైనాన్ని రూపం మార్చి తీస్తారు. నాలుగు పీఏఓ, చిన్న అణువుల్ని కలిపి కట్టింది. అయిదులో ఎస్టర్లు వగైరా. ఒకప్పుడు సింథటిక్ అంటే పీఏఓ, ఎస్టరే. 1999లో అమెరికాలో క్యాస్ట్రాల్ మీద మొబిల్ వాళ్ళు ప్రకటనల సంస్థ దగ్గర ఫిర్యాదు చేశారు, గ్రూప్ 3 పోసి సింథటిక్ అంటున్నారని. తీర్పు క్యాస్ట్రాల్ వైపు వచ్చింది. ఇవాళ మార్కెట్లో ఉన్న సింథటిక్‌లో ఎక్కువ భాగం గ్రూప్ 3నే. జర్మనీలో మాత్రం ఆ 'పూర్తి సింథటిక్' మాట వాడాలంటే ఇప్పటికీ నియమం గట్టిగానే ఉంది. షెల్ వాళ్ళు ఖతార్‌లో సహజవాయువు నుంచి బేస్ ఆయిల్ తీస్తారు, లెక్కకి అదీ గ్రూప్ 3లోకే వస్తుంది, పనితనంలో చాలా మంచిది.

అందుకే గ్రూపుల గురించి నిద్ర పాడుచేసుకోకండి. డబ్బా ముందువైపు ఉండేది అమ్మకం, వెనకవైపు చిన్నక్షరాల్లో ఉండేది ఒప్పందం. వెనకవైపే చదవండి. అక్కడ కూడా 'అప్రూవల్' వేరు, 'మీట్స్', 'సూటబుల్ ఫర్' వేరు. మెర్సిడెస్ 229.51 అప్రూవల్, ఫోక్స్‌వ్యాగన్ 504 00/507 00 అప్రూవల్ అని ఉంటే ఆ ఆయిల్‌ని నిజంగా పంపించి, పరీక్షలు పాసై, అనుమతి తెచ్చుకున్నారని. 'మీట్స్' అంటే మా ఆయిల్ ఆ స్థాయిలో ఉందని మేమే అంటున్నాం అని. మీది బెంజ్ కాకపోయినా, సీ3తో పాటు 229.51 అప్రూవల్ ఉన్న 5డబ్ల్యూ-30 దొరికితే కళ్ళు మూసుకుని కొనుక్కోవచ్చు, వేరేవాళ్ళు ముందే గట్టిగా పరీక్షించి పెట్టారన్నమాట.

ఆటోనగర్_అబ్బాయి:
బండి అన్నా, ఫిల్టర్ సంగతి నేను చెప్తా, మా నాన్నగారిది ఇక్కడే స్పేర్ల షాపు. కస్టమర్లు ఆయిల్ దగ్గర వంద ప్రశ్నలు అడుగుతారు, ఫిల్టర్ దగ్గరికొచ్చేసరికి "ఏదో ఒకటి ఇవ్వవయ్యా" అంటారు. ఆ చవకవి ఒకటి, బ్రాండుది ఒకటి తెచ్చి రెండూ కటింగ్ మెషిన్ మీద కోసి చూపిస్తే మారుమాట్లాడకుండా బ్రాండుది పట్టుకెళ్తారు.

కోస్తే ఏం కనిపిస్తుందంటే, మంచిదాంట్లో కాగితం మడతలు నిండుగా, సమానంగా, చివర్ల దాకా జిగురు పట్టి ఉంటాయి. చవకదాంట్లో మడతలు తక్కువ, ఒకచోట గుంపుగా, ఇంకోచోట వేలు దూరేంత సందు. ఆ సందు పక్కన జిగురు ఊడిందంటే ఆయిల్ కాగితంలోంచి పోకుండా పక్కనించే పోతుంది, అప్పుడు ఫిల్టర్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. తర్వాత లోపల రబ్బరు పొర ఒకటి ఉంటుంది, యాంటీ డ్రెయిన్ వాల్వ్. ఇంజన్ ఆపాక ఫిల్టర్‌లోని ఆయిల్ కిందికి జారిపోకుండా పట్టేది అదే. సిలికాన్‌ది అయితే ఎక్కువగా నారింజ రంగులో మెత్తగా ఉంటుంది, వేడికి తట్టుకుంటుంది. మామూలు నల్ల రబ్బరు కొన్నాళ్ళకి బిరుసెక్కి అంచు లేస్తుంది. ఫిల్టర్ అడ్డంగానో తలకిందులుగానో బిగించే ఇంజన్లలో దీని తేడా చెవికే తెలుస్తుంది, పొద్దున్నే స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు టకటకమని శబ్దం వచ్చి ఆగిపోతుంది చూడండి, అదే.

బైపాస్ వాల్వ్ ఇంకోటి. ఫిల్టర్ మూసుకుపోయినా, ఆయిల్ మరీ చిక్కగా ఉన్నా, స్ప్రింగు తెరుచుకుని వడపోయని ఆయిల్‌నే ఇంజన్‌కి పంపుతుంది, అసలు ఆయిలే లేకపోవడం కంటే అది నయం కదా. స్ప్రింగు నాసిరకమైతే ఎప్పుడూ కొంచెం తెరుచుకునే ఉంటుంది, ఇది బయటికి ఎవరికీ కనపడదు.

అన్న కారుకి చాలావరకు లోపల పెట్టే కార్ట్రిడ్జ్ రకమే ఉండాలి, చాలా డీజిళ్ళకి అదే. అంటే డబ్బా ఉండదు, కాగితం ఎలిమెంట్ ఒక్కటే, వాల్వులు ఇంజన్ వైపే ఉంటాయి. అప్పుడు కాగితం నాణ్యత, కొలత, దాంతో వచ్చే ఓ-రింగులు (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగులు), ఈ మూడే చూడాలి. కంపెనీ డబ్బాలో వచ్చేది కూడా ఎవరో ఒక ఫిల్టర్ తయారీదారు చేసి ఇచ్చేదే. బాష్, ప్యూరోలేటర్, మాన్, మాలే, ఎలోఫిక్, వీటిలో మీ పార్ట్ నంబర్‌కి సరిగ్గా సరిపోయేది దొరికితే తీసుకోండి, లేదంటే కంపెనీదే. ఏడాదికోసారి మార్చేదానికి ఆ రేటు తేడా చూసి బాధపడక్కర్లేదు.

సింహాచలం_స్పీడ్:
ఆన్‌లైన్‌లో '20 మైక్రాన్ ఫిల్టర్' అని ఊదరగొడుతున్నారు, తక్కువ మైక్రాన్ ఉంటే మంచిదేనా తమ్ముడూ?

ఆటోనగర్_అబ్బాయి:
ఒట్టి మైక్రాన్ అంకెకి అర్థం లేదన్నా. 20 మైక్రాన్ల కణాల్ని సగం పట్టినా వాడు 20 మైక్రాన్ అనే రాస్తాడు, 99 శాతం పట్టినా అదే రాస్తాడు. శాతం, మైక్రాన్ రెండూ కలిపి రాసి, ఐఎస్ఓ 4548-12 (ఆయిల్ ఫిల్టర్ ఎంత బాగా పడుతుందో కొలిచే) పరీక్ష పేరు కూడా ఉంటే అప్పుడు నమ్మొచ్చు. మనిషి వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు, బేరింగుల్ని గీకేవి అంతకంటే చాలా చిన్నవి, కంటికి కనపడవు. గాజు నార లాంటి సింథటిక్ మీడియా ఉన్నవి చిన్నవాటిని బాగా పడతాయి, ఎక్కువకాలం మూసుకుపోవు కూడా, కానీ మన దగ్గర అన్ని బళ్ళకీ దొరకవు.

డాలస్_డ్రైవర్:
నేను ఇక్కడ టెక్సస్‌లో ఉంటాను, నాది క్యామ్రీ 2.5, 2019. మాన్యువల్‌లో 0డబ్ల్యూ-16, పదివేల మైళ్ళకోసారి లేదా ఏడాదికోసారి అని ఉంది, అంటే 16,000 కిలోమీటర్లు. మా నాన్నగారు ఊర్నించి వచ్చినప్పుడు ఆ డబ్బా చూసి "ఇది కుట్టుమిషన్ నూనెలా ఉంది కదరా" అన్నారు. ఇంజన్‌కి ఏమీ కాలేదు. ఇక్కడ మైలేజీ నిబంధనల కోసం పల్చటి ఆయిల్ రాస్తారు, దాదాపు అదే ఇంజన్‌కి వేరే దేశాల మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 కూడా ఉంటుంది. కాబట్టి అమెరికా యూట్యూబ్ వీడియో చూసి అక్కడ పోసేయకండి, మీ మాన్యువల్ మీదే.

ఇక్కడ ఇంకో సౌకర్యం, పాత ఆయిల్ కొంచెం సీసాలో పట్టి ఇండియానాలో ఉన్న బ్లాక్‌స్టోన్ ల్యాబ్‌కి పంపితే ఇనుము ఎంత, అల్యూమినియం ఎంత, ఇంధనం ఎంత కలిసింది అని రిపోర్టు ఇస్తారు. ఒకసారి కాస్ట్‌కో వాళ్ళ కిర్క్‌ల్యాండ్ సింథటిక్, తర్వాత దాదాపు రెట్టింపు రేటు ఉన్న పేరున్న బ్రాండు వాడి రెండూ పంపాను, రిపోర్టుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒక్క కారు లెక్క అని తెలుసు, కానీ ఆ తర్వాత బ్రాండు పిచ్చి వదిలింది నాకు.

ఓరుగల్లు_రైడర్:
అన్నలూ, కారు ముచ్చట నడుస్తుండగా మధ్యల దూరుతున్న. నాది బుల్లెట్ క్లాసిక్ 350. దోస్తు కారుకు పోయగా మిగిలిన ఫుల్లీ సింథటిక్ ఉంది, పోసుకోమంటుండు. పోయొచ్చా?

ల్యాబ్‌కోటు:
వద్దు. బైకులో ఇంజనూ, గేర్లూ, క్లచ్ ప్లేట్లూ అన్నీ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కారు ఆయిల్‌లో, ముఖ్యంగా 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 లాంటి వాటిలో, రాపిడి తగ్గించే మందులు ఎక్కువ, క్లచ్ జారుతుంది. జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) ఎంఏ లేదా ఎంఏ2 ఉన్నదే పోయాలి. బుల్లెట్‌కి 15డబ్ల్యూ-50, జాసో ఎంఏ2. అదే యాక్టివా లాంటి స్కూటర్‌కి క్లచ్ ఆయిల్‌లో ఉండదు, దానికి జాసో ఎంబీ, 10డబ్ల్యూ-30. స్కూటర్‌లో బైకు ఆయిల్ పోస్తే పాడైపోదు, మైలేజీ కాస్త తగ్గుతుందంతే. బైకులో స్కూటర్ ఆయిల్ పోస్తే మాత్రం క్లచ్‌తో ఆడుకున్నట్టే.

ఆటోనగర్_అబ్బాయి:
యాక్టివాకి ఫిల్టర్ ఇవ్వమని అడిగేవాళ్ళు కూడా వస్తుంటారు. దానికి మార్చే ఫిల్టర్ లేదు, కింద జాలీ ఒకటి ఉంటుంది, తీసి కడిగి పెట్టడమే. స్ప్లెండర్‌లో అయితే మురికిని గిర్రున తిప్పి పక్కకి విసిరే గిన్నె ఉంటుంది, దాన్ని విప్పి తుడవాలి. ఫిల్టర్ లేని బళ్ళకి ఆయిల్ ఎక్కువకాలం ఉంచకూడదు, సింథటిక్ పోసినా సరే.

బెజవాడ_బండి:
ల్యాబ్ మేడమ్‌కి, ఆటోనగర్ తమ్ముడికి చాలా థ్యాంక్స్. అయితే ఆ మ్యాక్స్ దాటిన సంగతికి ఎవరూ జవాబు ఇవ్వలేదు. ఎక్కడో చదివాను, డీజిల్ కార్లలో ఆయిల్ దానంతట అదే పెరుగుతుందని. ఆయిల్ పెరగడమేంటి అసలు?

ల్యాబ్‌కోటు:
పెరుగుతుంది, అది ఆయిల్ కాదు, డీజిల్. డీపీఎఫ్ మసిని కాల్చుకునేటప్పుడు పొగ గొట్టంలో వేడి పెంచడానికి ఇంజన్ కంప్యూటర్ కొంచెం డీజిల్‌ని ఆలస్యంగా, మంట అయిపోయాక సిలిండర్‌లోకి కొడుతుంది. అందులో కొంత సిలిండర్ గోడలకి అంటుకుని పిస్టన్ రింగుల పక్కనించి చాంబర్‌లోకి (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి) జారుతుంది. లాంగ్ డ్రైవ్‌లో పని పూర్తవుతుంది, జారిన డీజిల్ కూడా వేడికి కొంత ఆవిరైపోతుంది. మీలా రోజూ ఏడెనిమిది కిలోమీటర్లు వెళ్ళి ఆపేస్తే కాల్చడం సగంలో ఆగుతుంది, మర్నాడు మళ్ళీ మొదలుపెడుతుంది, మళ్ళీ ఆగుతుంది, ప్రతిసారీ డీజిల్ కిందికి. అప్పుడు మీరు ఎంత మంచి 5డబ్ల్యూ-30 పోసినా కొన్ని నెలలకి అది 30 గ్రేడ్‌గా ఉండదు.

మీ విషయంలో సర్వీసయిన సాయంత్రమే చూశారు కాబట్టి అది ఎక్కువ పోయడమే. అదీ మంచిది కాదు, గిర్రున తిరిగే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, నురగలో గాలి తప్ప కందెన ఉండదు, బ్రీదర్ గొట్టం గుండా, ఇంజన్‌కి గాలి వెళ్ళే ఇన్‌టేక్‌లోకి కూడా పోతుంది. వెళ్ళి కొంచెం తీయించండి. ఇక ముందు నెలకోసారి డిప్‌స్టిక్ చూడండి, సమతలంగా ఉన్నచోట, ఆపిన పది నిమిషాల తర్వాత. మట్టం పెరుగుతూ పోతున్నా, డీజిల్ వాసన గట్టిగా వస్తున్నా కిలోమీటర్ల కోసం ఎదురుచూడకుండా మార్చేయండి. మాన్యువల్‌లో పదివేలు ఉన్నా మీ వాడకానికి ఏడు వేల దగ్గరే మార్చమంటాను, వారానికోసారి ఏదైనా హైవే మీద అరగంట సాఫీగా తోలమంటాను.

గుంటూరు_గేర్:
మా క్వాలిస్‌కి ఈ డీపీఎఫ్ గోల లేదు, ఆయిల్ పోసిన రెండో రోజే నల్లబడుతుంది అంతే.

ల్యాబ్‌కోటు:
నల్లబడితే పాడైనట్టు కాదు గేర్ గారూ, డీజిల్‌లో మసిని తనలో కలుపుకుని పట్టి ఉంచడం ఆయిల్ పని, అది చేస్తోందని అర్థం. నెలలు గడిచినా తేటగా ఉందంటేనే నేను అనుమానిస్తాను.

రాజమండ్రి_రింగురోడ్డు:
ఇంత చర్చ చేసి నకిలీ ఆయిల్ కొంటే ఏం లాభం? మా ఊళ్ళో అచ్చం అసలు డబ్బా లాంటిదే, మూత సీలు కూడా ఉంది, లోపల మాత్రం ఏదో. తెలిసినవాళ్ళ ఇంజన్ బోరుకొచ్చింది.

ఆటోనగర్_అబ్బాయి:
నిజమే అన్నా. కొన్నప్పుడు సీలు రింగు విరిగి ఉందేమో చూడండి, డబ్బా మీద బ్యాచ్ నంబర్, తేదీ చెరిపినట్టు ఉంటే వదిలేయండి, క్యూఆర్ కోడ్ ఉంటే షాపులో నిలబడే స్కాన్ చేయండి, అది కంపెనీ సైట్‌కే వెళ్తోందా లేక ఇంకెక్కడికైనా వెళ్తోందా చూడండి. సెర్వో కావాలంటే ఇండియన్ ఆయిల్ బంకులో, మ్యాక్ కావాలంటే భారత్ పెట్రోలియం బంకులో కొనడం సులువు, మిగతా బ్రాండ్లకి వాళ్ళ డిస్ట్రిబ్యూటర్ పేరు కంపెనీ సైట్‌లో ఉంటుంది. రేటు మరీ తక్కువ చెప్తున్నాడంటే అక్కడే ఆగిపోవాలి. ఇంకోటి, ఖాళీ డబ్బాని పాతసామానువాడికి అలాగే ఇవ్వకండి, మూత విరిచి, అడుగున చిల్లు పెట్టి ఇవ్వండి. నకిలీవాళ్ళకి కావాల్సింది ఆ ఖాళీ డబ్బాలే.

డాలస్_డ్రైవర్:
ఇక్కడా ఆన్‌లైన్‌లో నకిలీ ఫిల్టర్లు వస్తాయి, కంపెనీ పేరు, డబ్బా, అన్నీ అచ్చం. అందుకే ఫిల్టర్ డీలర్ పార్ట్స్ కౌంటర్‌లోనే కొంటాను.

బెజవాడ_బండి:
మొత్తానికి నిన్న కొన్నాను. సీ3, మెర్సిడెస్ 229.51 అప్రూవల్ రెండూ ఉన్న 5డబ్ల్యూ-30 దొరికింది, మూడున్నర లీటర్ల డబ్బా ఒకటి, లీటరు డబ్బాలు రెండు. ఫిల్టర్ కార్ట్రిడ్జ్ రకమే, కంపెనీదే తీసుకున్నా, డబ్బాలో ఓ-రింగులు చిన్నవీ పెద్దవీ కలిపి వచ్చాయి. ఆదివారం మార్పిస్తున్నా. పక్కన నిలబడి చూడాల్సినవి ఏమైనా ఉన్నాయా? షాపాయన 'ఇంజన్ ఫ్లష్' (ఇంజన్ లోపల కడిగే ద్రవం) కూడా అంటగట్టబోయాడు, తీసుకోలేదు.

ఆటోనగర్_అబ్బాయి:
ఫ్లష్ వద్దు, మంచి పని చేశావు అన్నా, టైముకి ఆయిల్ మార్చిన బండికి దాని అవసరం లేదు.

ఆదివారం బండి కొంచెం తోలి ఇంజన్ వెచ్చగా ఉన్నప్పుడు తీసుకెళ్ళు, చల్లగా ఉంటే ఆయిల్ పూర్తిగా దిగదు. చాంబర్ నట్టు వాషర్ కొత్తది వేయించు, పది రూపాయల వాషర్ దగ్గర కక్కుర్తిపడి ఏడాదంతా చుక్కలు కారించుకునేవాళ్ళని చాలామందిని చూస్తుంటాం. నట్టు చేత్తో మొదటి మూడు నాలుగు చుట్లు తిప్పాకే పానా పెట్టమను, అడ్డంగా పట్టిందంటే చాంబర్ మరలు పోతాయి, అల్యూమినియం కదా. ఫిల్టర్ మూత తీశాక పాత ఓ-రింగు గాడిలో మిగిలిపోలేదని నీ కళ్ళతో చూడు, కొత్తది దాని మీదే వేసి బిగించే మెకానిక్‌లు ఉన్నారు, స్టార్ట్ చేయగానే అక్కడినించి ఆయిల్ చిమ్ముతుంది. కొత్త రింగుకి కొత్త ఆయిల్ వేలితో రాయమను. ప్లాస్టిక్ మూత మీద చాలావాటికి 25 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు, బిగింపు కొలత) అని చెక్కి ఉంటుంది, అంతే బిగింపు, ఎక్కువ బిగిస్తే మూత పగులుతుంది, వచ్చేసారి విప్పలేరు కూడా.

ఆయిల్ ఒక్కసారే మొత్తం పోయనివ్వకు. మాన్యువల్‌లో ఉన్నదానికి అర లీటరు తక్కువ పోసి, స్టార్ట్ చేసి ఒక నిమిషం ఉంచి, ప్రెషర్ లైటు ఆరిందో లేదో చూసి, ఆపి, పది నిమిషాలాగి డిప్‌స్టిక్ చూసి మిగతాది కొంచెం కొంచెంగా. రెండు గీతల మధ్య ముప్పావు దగ్గర ఆపేయండి, డీజిల్ కలిసి పెరిగినా చోటుంటుంది. డ్యాష్‌బోర్డులో ఆయిల్ లైఫ్ (ఆయిల్ మార్చే గడువు) రీసెట్ చేయించడం కూడా మర్చిపోవద్దు.

సింహాచలం_స్పీడ్:
మిగిలిన లీటరులోపు ఆయిల్ వచ్చే ఏడాదికి ఉంచుకోవచ్చా?

ల్యాబ్‌కోటు:
మూత గట్టిగా బిగించి, ఎండ, తేమ తగలని చోట పెడితే ఉంచుకోవచ్చు. మధ్యలో ఎప్పుడైనా మట్టం తగ్గితే పోసుకోవడానికి అదే ఆయిల్ చేతిలో ఉండటం మంచిదే. అవసరం పడితే వేరే బ్రాండు సీ3 కలిపినా గడ్డకట్టదు, ఇంజన్ ఆయిల్స్ ఒకదాంతో ఒకటి కలిసేలానే ఉండాలని నియమం. అలవాటు చేసుకోవద్దు, అంతే.

రాజమండ్రి_రింగురోడ్డు:
తీసిన పాత ఆయిల్ ఏం చేస్తారు? మా వీధి చివర షెడ్డులో డ్రైనేజీలోకి వదిలేస్తుంటాడు.

ఆటోనగర్_అబ్బాయి:
మా దగ్గర డ్రమ్ములో పోస్తాం, రీప్రాసెసింగ్ వాళ్ళు కొనుక్కెళ్తారు. 2024 ఏప్రిల్ నుంచి వాడిన ఆయిల్ వెనక్కి తీసుకోవడం తయారీదారుల బాధ్యత కిందికి కూడా తెచ్చారు, కాబట్టి దానికి రేటు ఉంది, డ్రైనేజీలో పోసేవాడు తన డబ్బులే పారబోసుకుంటున్నాడు. పాత ఆయిల్ కొనేవాడు లైసెన్సు ఉన్నవాడా కాదా అన్నది మాత్రం చూసుకోవాలి, ఇటుక బట్టీలకి అమ్మేవాళ్ళు కూడా తిరుగుతుంటారు.

డాలస్_డ్రైవర్:
ఇక్కడ ఆటోజోన్‌లో ఉచితంగా తీసుకుంటారు, కొత్త ఆయిల్ డబ్బాలోనే పాతది పోసి పట్టుకెళ్తే చాలు.

గుంటూరు_గేర్:
సరే గానీ ఆటోనగర్ తమ్ముడూ, ఇంతమంది కలిసి నన్ను భయపెట్టారు, మా క్వాలిస్‌కి ఇన్నాళ్ళూ మెకానిక్ ఏ ఫిల్టర్ వేస్తున్నాడో నాకు తెలియదు. దానికి ఏది మంచిదో చెప్పు.

ఆటోనగర్_అబ్బాయి:
బాబాయ్, మీది బయట బిగించే డబ్బా రకం. ఇప్పుడున్న దాని మీద నంబర్ ఉంటుంది, ఫోటో తీసి పెట్టండి, దాన్నిబట్టి చెప్తా. డబ్బా బయటికి ఒకేలా ఉన్నా మర తేడా ఉంటుంది, ఒకటి 20 మిల్లీమీటర్ల మెట్రిక్, ఒకటి ముప్పావు అంగుళం, రెండూ దాదాపు ఒకే లావు. తప్పుది కూడా రెండు చుట్లు ఎక్కేస్తుంది, సరిపోయిందనుకుంటారు, హైవే మీద ఊడిపోతుంది. అందుకే నంబర్ లేకుండా చెప్పను.